చుట్టకుదురు

మా అత్త కూర్మమ్మ ఏడేళ్లపాటు వెల్లకిలా పడుకోలేదు. మా ఊళ్లో ఎవరినడిగినా ఆవిడ చేపల బేరం గురించి చెబుతారు, నోటి దురుసు గురించి చెబుతారు. ఇది మాత్రం చెప్పరు. చూసీ చూడనట్టు ఉండటం అందరికీ అలవాటైపోయింది. నాక్కూడా.

గుమ్మానికి వీపు ఆనించి, కాళ్లు చాపుకుని, కూర్చునే కునుకు తీసేది. తలుపు దగ్గరగా వేసేది కానీ గడియ పెట్టేది కాదు. చేపల వేటకెళ్లిన మగవాడు ఒడ్డుకు చేరేదాకా మా వీధిలో ఆడవాళ్లు గడియ పెట్టరు. రెండు రోజులకో మూడు రోజులకో మనిషి వస్తాడు, గడియ పడుతుంది. మా మావ ఎల్లాజీ 2011లో వెళ్లిన వేట నుంచి తిరిగి రాలేదు.

శ్రీకూర్మం దాటి సముద్రం వైపు పోతే మా ఊరు. కూర్మనాథుడి పేరు పెట్టుకున్నవాళ్లు వీధికి ముగ్గురుంటారు. అత్త మా నాన్నకు చెల్లెలు. మా అమ్మా నాన్నా విశాఖ హార్బరులో పనికి పోతే నేను అత్త దగ్గరే పెరిగాను. ఆవిడకు పిల్లల్లేరు.

తెల్లారగానే తెప్పలు ఒడ్డుకొచ్చే వేళకు ఇసకలో నిలబడేది. వేలంపాటలో చేపలు పాడుకుని, గంపలో మంచుముక్కలు జల్లి, ఆటో ఎక్కి, రోడ్డు మీద దిగి, అక్కడి నుంచి ఇంటింటికీ నడిచేది. కవ్వళ్లు, నెత్తళ్లు, అదృష్టం బాగుంటే వంజరం. ఆవిడ కేక నాలుగిళ్ల అవతలకి వినపడేది. ఒకసారి ఒక బడిపంతులుగారి భార్య చేప మొప్ప ఎత్తి చూసి పెదవి విరిచింది. అత్త గంప ఎత్తుకుంటూ, "మొప్పలు తరవాత సూద్దురు గానీ, ముందు దాని కళ్లు సూడమ్మా. మీ ఆయన కళ్లకన్నా తేటగున్నాయి," అంది. ఆ ఇంట్లో ఆ రోజు నుంచి వేరేవాళ్ల దగ్గర చేపలు కొనలేదు.

గంప కింద నెత్తిన పెట్టుకునే చుట్టకుదురు మిగతావాళ్లు పాత చీర పేలికతో చేసుకుంటారు. అత్తది మాత్రం మావ ఎర్రగళ్ల తువ్వాలు. వెళ్లేరోజు బట్టలారేసే తాడు మీద మర్చిపోయి వెళ్లాడు. అతను రాలేదని తెలిసిన నెల తర్వాత దాన్ని గట్టిగా మెలేసి, చుట్టగా చుట్టి, దారంతో నాలుగు చోట్ల కుట్టుకుంది. ఏడేళ్లు దాని మీదే గంప మోసింది. చేపనీళ్లకు నాని, ఎండకు ఎండి అది కొబ్బరి పీచులా బిరుసెక్కింది. "మారిస్తే ఏటే?" అని తోటివాళ్లు అడిగితే, "నా నెత్తి, నా గుడ్డ," అనేది.

మావ గుజరాత్‌లో, వీరావల్ బోట్ల మీద పనికి వెళ్లేవాడు. మా వైపు సగం మగాళ్లు అక్కడికే పోతారు. వర్షాలు తగ్గాక బయల్దేరితే మళ్లీ ఎండాకాలానికి వస్తారు. ఆ ఏడాది మావ వెళ్లనన్నాడు. మోకాలు నొప్పి, ఈసారి ఇక్కడే తెప్ప మీద చూసుకుంటానన్నాడు. అతని బదులు బోటుకు నా పేరు ఇచ్చారు. నాకప్పుడు పద్దెనిమిది. ఇంటర్ తప్పాను. మళ్లీ రాసి పాసవుతానని, చచ్చినా బోటెక్కనని నేను గొడవ చేశాను. "ఆడ్ని సదువుకోనీ, నాను పోతాను," అని మావ సంచి సర్దుకున్నాడు. నేను మళ్లీ రాశాను. మళ్లీ తప్పాను. ఆ తర్వాత చదివిందంతా పరీక్షల కోసం కాదు. పాత పుస్తకాల దుకాణంలో దొరికినవి, నేను నడిపే కారులో జనం మర్చిపోయినవి. ఎన్ని చదివినా, నా బదులు మావ వెళ్లిన ఆ ఒక్క సంగతీ ఎక్కడా మాఫీ కాలేదు.

ఫిబ్రవరిలో వాళ్ల బోటును ఓ పెద్ద ఓడ తగిలి విరగ్గొట్టిందని ఫోనొచ్చింది. ఏడుగురిలో నలుగురు బతికారు. రెండు శవాలు దొరికాయి. మావ దొరకలేదు. బతికొచ్చిన ఎర్రన్న అత్త ఎదుట నేల చూస్తూ కూర్చుని, "నీళ్ల క్యాను పట్టుకుని ఉన్నాడొదినా. నా కళ్లతో సూసినాను. మునిగినోడు మునిగినట్టు సూళ్లేదు," అన్నాడు. ఆ ముక్క పట్టుకుని అత్త ఏడేళ్లు బతికింది. కొందరు పాకిస్తానోళ్లు పట్టుకుపోయుంటారని అన్నారు. అటు జైళ్ల నుంచి విడుదలైన మత్స్యకారుల పేర్లు పేపర్లో పడినప్పుడల్లా నేను చదివి వినిపించేవాణ్ణి. ఆవిడ చేపలు కోస్తూ వినేది. చివరి పేరు దాకా విని, "ఇంకా ఉన్నాయేటి?" అని అడిగేది. "అయిపోనాయత్తా," అనేవాణ్ణి. "సరే, ఆ తోకలు అవతల పారెయ్యి," అనేది.

మావ అన్న దాలయ్య పెదమావ ఊరి పెద్ద. ఏడేళ్లు నిండిన నెలలోనే గుమ్మంలోకి వచ్చాడు. 

"ఏడేళ్లయిపోనాది కూర్మమ్మా. సట్టం కూడా ఆడు నేడనే సెప్తాది. గెడ్డితో బొమ్మ సేసి, అగ్గెట్టీసి, పదకొండో రోజు సేసీద్దుమి. ఆడి జీవుడు ఎన్నాళ్లని ఆ నీళ్ల మీద తిరుగుతాడు?"

"గెడ్డిబొమ్మనా బావా నాను పెళ్లాడినాను?"

"పోనీ దాసరిని పిలిసి సంకమైనా ఊదించనీ."

"నా గుమ్మంలో సంకం ఊదినోడి సెయ్యి ఇరిసేస్తాను."

మా వైపు మనిషి పోతే నేల మీద దక్షిణం తలపెట్టి పడుకోబెట్టి, తల దగ్గర దీపం పెట్టి, తెల్లగుడ్డ కప్పుతారు. దాసరి వచ్చి మూడుసార్లు శంఖం ఊది, జేగంట కొడతాడు. ఆ చప్పుడు విన్నాకే వీధికి చావు ఖాయమవుతుంది. అంతవరకు ఏడుపు కూడా గొంతు దాటదు. మావకు ఆ తంతు జరగలేదు. శవం లేని ఇంట్లో దాన్ని జరగనివ్వనని అత్త పట్టు. దాలయ్య కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. చనిపోయినట్టు కాగితం కోసం వచ్చిన ఆఫీసు మనిషి కూడా, సంతకం పెట్టదని తెలిసి, గంపలోని చేపలు చూసి వెళ్లిపోయాడు.

అత్త పట్టు వదల్లేదు కానీ ఒళ్లు వదిలేసింది. కూర్చుని నిద్రపోయి పోయి నడుం విల్లులా వంగింది. మార్చి నాటికి గంప ఎత్తుకోవడానికి ఇద్దరు కావలసి వచ్చేది. విజయనగరంలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానని నేను పోరాను. నేను శ్రీకాకుళంలో ట్రావెల్స్ కారు నడుపుతున్నాను. ఆ వారం నా కారులో హైదరాబాద్ నుంచి వచ్చిన పద్మజ అనే లెక్చరర్ ఉన్నారు. ఒంటరిగా వచ్చారు. రెండు రోజులు అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం చూపించాను. మూడో రోజు విజయనగరం వెళ్లి, అక్కడి నుంచి సాయంత్రం రైలెక్కుతానన్నారు. మా అత్తను కూడా ఎక్కించుకోవచ్చా మేడమ్ అని అడిగితే, అడగాలా అన్నారు.

అత్త ముందు సీట్లో కూర్చుని, చుట్టకుదురు నడుం వెనక పెట్టుకుంది. ఎటు వెళ్లినా అది సంచిలో ఉండాల్సిందే. కాసేపటికి మేడమ్ చప్పుడు కాకుండా అద్దం దించారు. అత్త వెనక్కి తిరగకుండానే, "వాసనొస్తందా అమ్మా? పూర్తిగా దించీయండి. నాను స్నానం సేసే వచ్చినాను గానీ ఇది నాతో పుట్టినాది," అంది. మేడమ్ సిగ్గుపడ్డారు. తర్వాత ఇద్దరూ మాట్లాడుకున్నారు. మేడమ్ వాళ్లమ్మ పోయి ఆరు నెలలైందట. అప్పట్నుంచి నిద్ర లేదట. అందుకే ఇలా తిరుగుతున్నారట.

ఎచ్చెర్ల దాటుతుంటే యూనివర్సిటీ గేటు చూసి అత్త నా భుజం మీద పొడిచింది. "ఒరే శివాజీ, ఇదేనా నువ్వు సదవాల్సిన బడి?"

"ఇదే."

"గేటు పెద్దదే."

ఈ దారిన ఎప్పుడొచ్చినా ఆ మాట అంటుంది. ఎగతాళికో, బాధకో నాకు తెలియదు. నేను గేరు మార్చాను.

డాక్టరు అత్తను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్స్‌రే ఫిల్ము పైకెత్తి చూశాడు. "ఎముకకు ఏం కాలేదు. రోజూ ఆరు గంటలు వెల్లకిలా పడుకోండి. అదే మందు," అన్నాడు.

"అదొక్కటీ కుదరదు బాబూ."

"ఎందుకు కుదరదు?"

అత్త నా వైపు చూసింది. నేను చెప్పాను. ఆయన చిన్నవాడు. కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, నిద్రకు మాత్రలు రాసిచ్చాడు. బయటికి రాగానే ఆ చీటీని అత్త నాలుగు మడతలు పెట్టి నా జేబులో దోపింది. "నువ్వు ఏసుకో. నీకూ నిద్ర తక్కువే."

కారు దగ్గర మేడమ్ ఎదురుచూస్తున్నారు. పదకొండింటికి ఆవిడకు యోగా, శబ్దధ్యానం ఉన్నాయి. ఒక్కరికే ప్రత్యేకంగా చేయించే పద్ధతట. ఫోన్లో చూసి ముందే చెప్పి ఉంచారు. అత్త సంగతి విని, "నాతో రండమ్మా. పడుకోబెట్టి, గిన్నెలు మోగిస్తారట. నిద్ర పడుతుందంటారు. పట్టకపోతే ఇద్దరం లేచి వచ్చేద్దాం," అన్నారు.

నాకు ఒళ్లు మండింది. నిద్ర కూడా బేరానికొచ్చిందన్నమాట. మా అమ్మలూ అత్తలూ గంపలు మోసి మెడలు అరగదీసుకుంటుంటే, గిన్నెలు మోగించి బాధలు పోగొట్టేవాళ్లు బయల్దేరారు. వద్దత్తా అని చెప్పబోయాను. కానీ అత్త నా మొహం చూసి మేడమ్ వైపు తిరిగింది. "పదమ్మా. ఈడికి ఏదీ నచ్చదు. ఈడి మొహం సూసుకుని కూసుంటే నడుం బాగవ్వదు."

కోట వెనక సందులో ఒక మేడ మీది గది అది. మాస్టారి పేరు భాస్కర్. నలభై ఏళ్లుంటాయి. విజయనగరం మనిషే. విశాఖలో ఉద్యోగం మానేసి, ఋషీకేశ్‌లో ఉండి నేర్చుకుని వచ్చాడట. మోసగాడిలా కనిపిస్తాడనుకున్నాను. బడిపంతులులా ఉన్నాడు. ఇంకొకరు వచ్చినందుకు విసుక్కోలేదు, రెండో చాప తనే తెచ్చి పరిచాడు. గోడవారగా కంచు రంగు గిన్నెలు పది దాకా ఉన్నాయి, పెద్దవీ చిన్నవీ. వాటి పక్కన దూలానికి వేలాడదీసిన పళ్లెం లాంటి పెద్ద గంట. పీట మీద శంఖం.

అత్త గిన్నెల ముందు వంగింది. "ఇన్ని గంజిగిన్నెలేటి బాబూ? ఎంతమందున్నారు మీ ఇంట్లో?"

"తినడానికి కాదమ్మా, వినడానికి," అని ఆయన నవ్వాడు.

"ఇంటే కడుపు నిండుతాదేటి?"

తనను ఒక్కదాన్నీ వదిలి వెళ్లొద్దని అత్త అంటే నేను గుమ్మం దగ్గర గోడకానుకుని కూర్చున్నాను. మొదట కూర్చోబెట్టి చేతులు పైకెత్తించాడు, దించమన్నాడు, మెడ తిప్పించాడు, ఊపిరి లెక్కపెట్టించాడు. అత్త బుద్ధిగా చేసింది. గంప మోసే మెడ, తేలిగ్గా తిరిగింది. "మెడ చాలా బాగుందమ్మా," అన్నాడు. అత్తకు ఆ మాట నచ్చిందని తెలిసింది. ఆ తర్వాత పడుకోమన్నాడు. మేడమ్ పడుకున్నారు. అత్త చాప మీద కూర్చునే ఉంది.

"తల ఎటు పెట్టాల?"

"దక్షిణం వైపమ్మా. అదే మంచిది."

అత్త నా వైపు చూసింది. ఆ చూపులో ఏముందో నాకు అప్పుడే అర్థమై ఉండాల్సింది. నేను డాక్టరు మాట గుర్తు చేస్తున్నట్టు తల ఊపాను. అత్త చుట్టకుదురు పక్కన పెట్టుకుని, ఒక చెయ్యి నేల మీద ఆన్చి, చాలా మెల్లగా, ఒక్కో ఎముకా దించుతున్నట్టు వెనక్కి వాలింది. వీపు చాపకు తగిలినప్పుడు చిన్నగా మూలిగింది. ఏడేళ్ల తర్వాత మా అత్త వెల్లకిలా పడుకోవడం నేను చూశాను.

మాస్టారు కిటికీ తెరలు దించాడు. ఇద్దరి తలల దగ్గరా చెరో నూనె దీపం వెలిగించాడు. ఫ్యాను గాలికి చలి వేస్తుందని తెల్లటి దుప్పట్లు మెడ దాకా కప్పాడు. కళ్లు మూసుకోమన్నాడు. గిన్నెల్లో ఒకదాన్ని చిన్న కర్రతో తట్టాడు. ఆ మోత గది అంతా తిరిగి గోడల్లోకి పోయింది. ఇంకొకటి తట్టాడు. బాగానే ఉంది, ఒప్పుకుంటాను. మేడమ్ ఊపిరి నెమ్మదించింది. తర్వాత ఆయన పీట మీది శంఖం తీసుకుని ఊదాడు.

దక్షిణం తల. తల దగ్గర దీపం. తెల్లగుడ్డ. ఇప్పుడు శంఖం. నేను లేచి నిలబడ్డాను. రెండోసారి ఊదాడు. ఆపమని చెప్పడానికి నోరు తెరిచాను. మూడోసారి ఊది, శంఖం దించి, ఆయన మెత్తటి గుడ్డ చుట్టిన కర్రతో ఆ పెద్ద గంటను కొట్టాడు.

అత్త లేచి కూర్చుంది. దుప్పటి ఒళ్లోకి జారింది. అరవలేదు. మొహం ప్రశాంతంగా ఉందని చెప్పలేను, కానీ తడబాటు లేదు.

"ఆగు బాబూ," అంది. "పడుకోవాల్సింది నాను కాదు."

మాస్టారు కర్ర పట్టుకుని ఆగిపోయాడు. మేడమ్ కళ్లు తెరిచారు. అత్త పక్కన పెట్టుకున్న చుట్టకుదురు అందుకుని, కుట్టిన దారాన్ని పళ్లతో కొరికి తెంపింది. నాలుగు చోట్లా తెంపింది. చుట్ట విప్పింది. అది విప్పుకోనంది. ఏడేళ్లు చుట్టుగా ఉన్న గుడ్డ, రెండు చేతులతో చాపితే మళ్లీ ముడుచుకుపోయింది. లోపలి మడతల్లో ఎర్రరంగు ఇంకా కొత్తగా ఉంది. ఉప్పు, చేప వాసన గదిలో పరుచుకున్నాయి. అత్త చాప మీంచి దిగి, తువ్వాలును చాప మీద నిలువునా పరిచి, తల వైపు అంచు దీపం దగ్గరికి సర్దింది. అంచులు లేచిపోతున్నాయి. చుట్టూ చూసి, గిన్నెలు నాలుగు తెచ్చి నాలుగు మూలలా పెట్టింది. అప్పుడు ఆగింది గుడ్డ.

దుప్పటి తీసి దాని మీద కప్పింది. కాళ్ల వైపు వెళ్లి నిలబడింది.

"ఇప్పుడు ఊదు బాబూ."

మాస్టారు నన్ను చూశాడు. నేను గుమ్మం దగ్గర నుంచే చెప్పాను. మావ పేరు, వీరావల్, ఓడ, క్యాను, ఏడేళ్లు. రెండు మూడు మాటల్లోనే చెప్పాననుకుంటాను. ఆయన కర్ర కింద పెట్టేశాడు.

"మా నాన్న పోయినప్పుడు మా ఇంట్లోనూ ఊదారు," అన్నాడు నెమ్మదిగా. "అన్నీ నేనే పెట్టాను. దీపం, దుప్పటి... ఒక్కసారి కూడా తోచలేదు. అమ్మా, తప్పు నాదే. కానీ నేను ఆ పని చేసేవాణ్ణి కాను. నాకు మంత్రం రాదు, అర్హతా లేదు."

"మంత్రం ఎవులడిగినారు? మా దాసరికీ పాట తప్ప ఏటీ రాదు. సంకం నీ సేతిలో ఉన్నాది. ఊదు."

మేడమ్ ఎప్పుడు లేచారో, వచ్చి అత్త పక్కన నిలబడ్డారు. మాస్టారు చెప్పులు లేని కాళ్లతోనే ఉన్నాడు, అయినా వెళ్లి కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చాడు. శంఖం ఊదాడు. ఇందాక ఊదినట్టు కాదు. ఇందాక సంగీతంలా ఊదాడు. ఈసారి మా వీధిలో ఊదినట్టే ఊదాడు, బిగ్గరగా, చివర తెగిపోయేలా. మూడుసార్లు. తర్వాత కర్రకు చుట్టిన మెత్తటి గుడ్డ విప్పేసి, వట్టి కర్రతో గంట కొట్టాడు. గిన్నెలు నాలుగూ తువ్వాలు మూలల్లో వాటంతటవే సన్నగా మోగాయి.

అప్పుడు ఏడ్చింది అత్త. ఏడేళ్లలో నేను విననిది. నాలుగిళ్ల అవతలకి వినపడే గొంతు అది. కింద సందులో ఎవరో స్కూటరు ఆపారు. మావ పేరు పెట్టి పిలిచింది, తిట్టింది, క్యాను గట్టిగా పట్టుకోలేకపోయావేటి అని అడిగింది. మోకాలు నొప్పి తగ్గిందా అని అడిగింది. నేను గోడ వైపు తిరిగాను. ఆ తిట్లలో నా పేరు కోసం ఎదురుచూశాను. రాలేదు.

చాలాసేపటికి తగ్గింది. మాస్టారు రాగిచెంబుతో నీళ్లు తెచ్చాడు. మేడమ్ ఆమె చెయ్యి పట్టుకునే ఉన్నారు. అత్త ముక్కు చీదుకుని ఆవిడను చూసింది.

"మీ అమ్మకి ఊదినారా?"

"లేదమ్మా. హాస్పిటల్ నుంచి అటే తీసుకెళ్లిపోయారు. ఇంటిక్కూడా తేలేదు. పది నిమిషాల్లో అయిపోయింది."

"అయితే ఈ మూడిట్లో ఒకటి మీ అమ్మదనుకో."



అత్త గిన్నెలు ఒక్కొక్కటీ కొంగుతో తుడిచి, తీసిన చోటే పెట్టింది. తువ్వాలును మళ్లీ చుట్టలేదు. నాలుగు మడతలు పెట్టి సంచిలో పెట్టుకుంది. మాస్టారికి దండం పెట్టింది. ఆయన చటుక్కున వంగి ఆమె కాళ్లు తాకాడు. మెట్లు దిగుతూ నేను వెనక్కి చూస్తే, ఆయన తెరలు తీయకుండా, రెండు దీపాల మధ్య కూర్చుని ఉన్నాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు.

మేడమ్‌ను స్టేషన్లో దించి, మేమిద్దరం తిరుగుదారి పట్టాం. అత్త వెనక సీట్లోకి మారింది. కాసేపటికి అద్దంలో చూస్తే కూర్చున్న మనిషి కనపడలేదు. మోకాళ్లు పైకి మడుచుకుని వెల్లకిలా పడుకుని ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. గతుకుల దగ్గర కారు ఎంత నెమ్మదిగా పోనిచ్చానంటే వెనక లారీవాళ్లు తిట్టిపోశారు. ఎచ్చెర్ల గేటు వచ్చింది, పోయింది. ఏ మాటా వినపడలేదు.

శ్రీకాకుళం దాటాక లేచింది. నేను అడిగాను. "అత్తా, ఆయన దాసరి కాడని నీకు తెలుసా, లేక దాసరే అనుకున్నావా?"

"మొదట అనుకున్నాను. దీపం ఎట్టినాడు, గుడ్డ కప్పినాడు, సంకం ఊదినాడు. నువ్వూ మీ పెదమావా కలిసి నన్ను మోసం సేసి తెచ్చినారనుకున్నాను. తరవాత, ఈ కర్మ నాకే సేస్తన్నాడేటి అనుకున్నాను. నాను సచ్చిపోనానేటి అని సూసుకున్నాను. ఊపిరి ఆడతన్నాది." సంచిలోని తువ్వాలు తడిమి చూసుకుంది. "ఏడేళ్లు నా గుమ్మంలోకి రానీనేదు గదరా ఆ సప్పుడ్ని. ఎక్కడికో ఊరు కాని ఊరు పోయి పడుకుంటే అక్కడికే వచ్చినాది. ఇంకెటు పోతాను?"

ఊళ్లోకి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. దాలయ్య పెదమావ తెప్ప నీడలో వల బాగు చేసుకుంటున్నాడు. అత్త కారు అక్కడే ఆపమంది. దిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఇసకలో నడిచి వెళ్లింది.

"బావా, గెడ్డి తెప్పించు."

అతను వల వదిలేసి లేచాడు. అడగాల్సినవి ఎన్నో ఉన్నా ఒక్కటే అడిగాడు. "రోజులు ఎప్పట్నుంచి లెక్కెడతాం? బోటు ఇరిగిన రోజా?"

"ఈయేల నుంచి. ఈయేల ఊదినారు సంకం."

"ఎవులు? ఎక్కడ?"

"ఇజీనగరంలో. ఊదినోడు ఎవుడైతే ఏటి. నాను ఇన్నాను."

పెదమావ నా వైపు చూశాడు. నేను అవునన్నట్టు తల ఊపాను. అతను కండువాతో మొహం తుడుచుకుని, మళ్లీ ఆమెను అడిగాడు. "అగ్గి నాను ఎట్టకూడదు, పెద్దోణ్ణి. ఎవులెడతారు?"

"ఈడు," అంది అత్త, నన్ను చూడకుండానే.

ఈ తంతులన్నీ వట్టివని నేను ఊళ్లో పదిమంది ముందు వాదించినవాణ్ణి. అదొక్కటే కాదు. "అత్తా, నాకు ఆ అరగత నేదు," అన్నాను. మాస్టారి మాటే నా నోట్లోంచి వచ్చింది. "ఆ బోటుకి ఎల్లాల్సింది నాను."

"నాకు తెల్దేటి?" అత్త ఇప్పుడు నా వైపు తిరిగింది. "సంచి సర్దినది నాను. ఆడ్ని పొమ్మన్నది నాను. పిల్లోడు సదువుతాడంట, నువ్వెల్లు అని నానే అన్నాను. ఆ మాట నీకు ఎవులూ సెప్పనేదు గదా? నీ ఒక్కడిదే అనుకుని మోస్తన్నావు. దించీ."

సముద్రం నుంచి గాలి వీస్తోంది. పెదమావ వల మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు కానీ కుట్టలేదు.

మర్నాడు ఇసకలో గడ్డిబొమ్మ చేశారు. దాని మీద ఆ ఎర్రగళ్ల తువ్వాలు కప్పారు. నేను గుండు చేయించుకుని నిప్పు పెట్టాను. ఉప్పు పట్టిన గుడ్డ కాబట్టి మెల్లగా, నీలంగా మండింది. పదో రోజున ఆడవాళ్లు అత్త గాజులు తీశారు, నేను అక్కడ లేను. పదకొండో రోజు ఊరికి భోజనాలు పెట్టాం. ఆఫీసు కాగితం మీద తేదీ చట్ట ప్రకారం వేరే రాసుకున్నారు. రాసుకోనీ అంది అత్త. నెల తిరిగేసరికి అత్త మళ్లీ గంప ఎత్తుకుంది, పాత చీర పేలికతో అందరిలాంటి చుట్టకుదురు చేసుకుని.

కానీ నాకు బాగా గుర్తున్నది విజయనగరం నుంచి వచ్చిన ఆ సాయంత్రమే. ఇంటికి చేరాక గుమ్మంలో కూర్చోకుండా లోపల చాప పరుచుకుంది. నేను వెళ్లబోతుంటే పిలిచింది.

"ఒరే, ఆ గడియకి కాస్త నూనె ఎయ్యి. తుప్పట్టిపోనాది."

కొబ్బరినూనె తెచ్చి పోశాను. కదలలేదు. రాయితో రెండు దెబ్బలు వేసి, మళ్లీ నూనె పోసి, ముందుకూ వెనక్కూ లాగాను. ఎర్రటి తుప్పు నా వేళ్లకు అంటుకుంది. చివరికి కదిలింది.

"వచ్చినాదా?"

"వచ్చినాది."

"అయితే ఎల్లు. అన్నం తిను. నాను పడుకోవాల."

నేను బయటికి వచ్చాను. తలుపు మూసుకుంది. లోపల ఆమె చెయ్యి గడియను వెతుక్కోవడం వినిపించింది. తర్వాత ఇనుము ఇనుములోకి దిగిన చప్పుడు వినిపించింది.